నోటుబుక్కులో ఉన్నది స్లైడ్ల మీదికి రాలేదు: అనంతపురంలో ఒక బీఎస్సీ ప్రాజెక్టు

డిగ్రీ ఫైనలియర్ ప్రాజెక్టు ప్రజెంటేషన్ తేలిపోయిందంటే స్టాఫ్‌రూములో వినిపించే కారణాలు రెండే. పిల్లలకు ఇంగ్లీషు రాదు, నలుగురి ముందు నిలబడితే నోరు పెగలదు. అనంతపురంలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతూ, ఏటా కొన్ని టీములకు గైడుగా ఉంటూ నేను చూసింది వేరు. చాలాసార్లు పిల్లలు చేసిన పని బాగానే ఉంటుంది. ఆ పనే స్లైడ్ల మీద కనిపించదు. సైన్సంటే ఇలాగే ఉండాలని వాళ్లు మనసులో ఒక నమూనా పెట్టుకుంటారు. దానికి సరిపోనివన్నీ, అంటే ఎండలో తిరిగి సొంతంగా కనిపెట్టినవే, ఏరి పక్కన పడేస్తారు. మిగిలిన పాఠాన్ని మనకే అప్పజెబుతారు.

ఈ మధ్య ఒక టీముతో ఇది మొదటి నుంచి చివరిదాకా దగ్గర నుంచి చూశాను. గైడ్లుగా ఉండే తోటి అధ్యాపకులకు పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను. పిల్లల పేర్లు, కాలనీ పేరు రాయను. రిపోర్టులోని ఫలితాల అంకెలు కూడా ఇక్కడ ఇవ్వడం లేదు. అవి ఒక కాలనీలో కొన్ని వీధులవి. ఎవరైనా తీసుకుపోయి ఊరంతటికీ అంటగడితే ఆ పిల్లలకే చెడ్డపేరు.

ప్రాజెక్టు

టీములో ముగ్గురమ్మాయిలు, ఒకబ్బాయి. ఇద్దరు టౌనువాళ్లే, ఒకమ్మాయి ఉరవకొండ నుంచి రోజూ బస్సులో వస్తుంది, అబ్బాయిది కళ్యాణదుర్గం వైపు పల్లె, హాస్టల్లో ఉంటాడు. ఎంచుకున్న అంశం ఇళ్లలో నిల్వ నీళ్లలో డెంగీని మోసే ఈడిస్ దోమ లార్వాలు, అంటే గుడ్డు పొదిగాక నీళ్లలో తిరిగే పురుగులు.

దోమలంటే వానలు, మురిక్కాలువలు అనుకుంటాం. మన జిల్లాలో వాన ఎక్కడిది? ఏడాదంతా కలిపితే 550 మిల్లీమీటర్ల దగ్గర. అయినా డెంగీ మాట వినని ఏడాది లేదు. ఈడిస్ ఈజిప్టికి మురుగుతో పని లేదు, నిలవున్న మంచినీళ్లు కావాలి. కొళాయి రోజూ రాని వీధుల్లో ఇంటింటికీ ప్లాస్టిక్ డ్రమ్ములు, సిమెంటు తొట్లు, బిందెలు బారులు తీరి ఉంటాయి. నీళ్లు తక్కువున్న ఊళ్లోనే ఈ దోమకు ఏడాది పొడుగునా ఇల్లు దొరుకుతుంది. ఈ సంగతి పిల్లలకు నేను చెప్పలేదు. టాపిక్ ఎందుకు తీసుకున్నారని అడిగితే ఉరవకొండ అమ్మాయి చెప్పిందే ఇది.

మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద ఇల్లిల్లూ తిరిగిన పిల్లలు కాబట్టి తలుపు తట్టడానికి మొహమాటం లేదు. ఆశా వర్కరును వెంట తీసుకెళ్లమన్నాను, ఇద్దరిద్దరుగా వెళ్లమన్నాను. అంతకుమించి జాగ్రత్తలు అవసరం పడలేదు.

లార్వా పట్టడం చూడ్డానికి తేలిక. మూత తీయగానే నీడ పడుతుంది, డ్రమ్ము కదులుతుంది, లార్వాలన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోతాయి. తొందరపడి ‘లేవు’ అని రాసుకుంటే ఆ ఇల్లు తప్పుగా నమోదైనట్టే. మూత తీసి, ఊరకే నిలబడాలి. ఊపిరి కోసం కాసేపటికి ఒక్కొక్కటే పైకొస్తాయి. అప్పుడు తెల్ల మగ్గును వాలుగా ముంచి ఒక్కసారిగా తీయాలి. మగ్గు తెల్లగా ఎందుకుండాలంటే, నీలం మగ్గులో లార్వా కనిపించదు. ఈడిస్ అయితే తలకిందులుగా, పొట్టి గాలిగొట్టాన్ని నీటి పైపొరకు ఆనించి వేలాడుతుంది. క్యూలెక్స్ కూడా అలాగే వేలాడుతుంది గానీ గొట్టం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అనాఫిలిస్‌కు ఆ గొట్టమే ఉండదు, నీటి పైపొరకు సమాంతరంగా పడుకుని ఉంటుంది. ఇదంతా పుస్తకంలో బొమ్మలతో సహా ఉంది, పరీక్షలో అందరూ గీస్తారు. మగ్గులో గిలగిల్లాడేదాన్ని చూసి చెప్పమంటే మాత్రం మొదటి రోజు నలుగురికీ నాలుగు రకాలుగా కనిపించింది.

అందుకని కొన్ని లార్వాలను ల్యాబ్‌కు తెచ్చి, ఊరగాయ సీసాల్లో వేసి, మూతికి దోమతెర గుడ్డ కట్టి పెంచారు. ఆ బాధ్యత అబ్బాయిది. దోమ బయటికొచ్చాక వీపు చూస్తే అనుమానం ఉండదు. రెండు పక్కలా వంపు తిరిగిన తెల్ల గీతలు, నడుమ రెండు సన్న గీతలు ఉంటే ఈజిప్టి. నడిమధ్య ఒక్కటే తెల్ల చార ఉంటే దాని దగ్గరి చుట్టం ఈడిస్ ఆల్బోపిక్టస్. కాళ్ల మీద తెల్ల పట్టీలు రెండింటికీ ఉంటాయి కాబట్టి పట్టీలు చూసి తేల్చడానికి లేదు.

మొదటి రిహార్సల్

వైవాకు కొద్దిరోజుల ముందు సెమినార్ హాల్లో రిహార్సల్ పెట్టాను. కేటాయించిన టైము పది నిమిషాలు. వీళ్లు తెచ్చింది 28 స్లైడ్లు.

మొదటి స్లైడు వినాయకుడు, రెండోది కాలేజీ ఫొటో. తర్వాత దోమ వర్గీకరణ, కింగ్‌డమ్ యానిమేలియా నుంచి. ఆపైన జీవితచక్రం, డెంగీ లక్షణాలు, వైరస్ నాలుగు సీరోటైపులు, ఒక పెద్ద మీసాలాయన ఫొటో. ఆయన రొనాల్డ్ రాస్. దోమ మీద ఏ ప్రాజెక్టు చేసినా మన పిల్లలు రాస్ లేకుండా ఉండలేరు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దొరికిన విషయం కాబట్టి మనకు గర్వమే, కాదనను. కానీ ఆయన చూసింది అనాఫిలిస్ కడుపులో మలేరియా పరాన్నజీవిని. డెంగీని మోసేది ఈడిస్ ఈజిప్టి అని ఆస్ట్రేలియాలో థామస్ బాంక్రాఫ్ట్ చూపించింది 1906లో. “రాస్‌కూ మీ డ్రమ్ములకూ సంబంధమేంటి నాయనా?” అని అడిగితే, “పాత బ్యాచ్ పీపీటీలో ఉండింది మేడమ్” అన్నాడు అబ్బాయి. అబద్ధమాడనందుకు మెచ్చుకున్నాను.

వాళ్లు చేసిన పనికి దక్కింది మొత్తం మీద మూడు స్లైడ్లు. ఒకదాంట్లో సర్వే చేశాం అని ఒక్క వాక్యం. రెండోదాంట్లో పక్కకు వాలిన త్రీడీ పై చార్టు. మూడోదాంట్లో ‘ప్రజల్లో అవగాహన పెంచాలి’. ఈ చివరి వాక్యం రాయడానికి ఒక్క ఇంటి తలుపు కూడా తట్టక్కర్లేదు.

పై చార్టు పక్కనే ఒక పట్టిక ఉంది. ఏ రకం పాత్రల్లో ఎంత శాతం లార్వాలు దొరికాయో చూపే పట్టిక. అందులో కూలర్ల దగ్గర ఎర్ర అక్షరాల్లో 100 శాతం. చూసిన కూలర్లు ఎన్నమ్మా అంటే రెండు. రెండింట్లోనూ దొరికాయి. లెక్క తప్పు కాదు, కానీ ఆ స్లైడు చూసినవాళ్లు డ్రమ్ములు వదిలేసి కూలర్ల మీద పడతారు.

పది నిమిషాల ప్రజెంటేషన్‌లో తొమ్మిది నిమిషాలు టీమ్ లీడరే మాట్లాడింది, ఇంగ్లీషు బాగా వస్తుందని. మిగతా ముగ్గురూ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. దోమలను పెంచినవాడి నోటి నుంచి దోమ మాట రాలేదు.

నోటుబుక్కు

పీపీటీ మూసేసి, ఫీల్డ్ నోటుబుక్కు తెమ్మన్నాను. దాన్ని కాలేజీకి తేలేదట. ‘రఫ్ కదా మేడమ్’ అని ఇంట్లో పెట్టేశారు. మర్నాడు తెచ్చారు.

నీళ్ల మరకలతో ఉబ్బిన లాంగ్ నోటుబుక్కు. ఒక్కో ఇంటికి ఒక్కో గీత. కొన్ని గీతల్లో ‘తా’ అని, కొన్నింట్లో ‘రా’ అని రాసి ఉంది. తా అంటే తాళం. రా అంటే లోపలికి రానివ్వలేదు. ఆ రెండు రకాల ఇళ్లూ స్లైడ్లలో ఎక్కడా లేవు. పనికోసం బెంగళూరు వెళ్లి పండగలకు వచ్చే కుటుంబాలు మనకు ప్రతి వీధిలోనూ ఉంటాయి. తాళం వేసిన ఇంటి ఆవరణలో మూతలేని తొట్టి కనిపించిందని గోడ మీంచి చూసి ఒకచోట రాసుకున్నారు. దోమకు తాళంతో పని లేదు కదా.

మార్జిన్లో పెన్సిలుతో ఇంకో మాట పదేపదే వస్తోంది. ‘పైన ముంచుకుంటారు, నీళ్లొస్తే మళ్లా నింపుతారు. అడుగు కడగరు.’ రాసింది ఉరవకొండ అమ్మాయి. ఒక అవ్వతో జరిగిన సంభాషణ ఆమె అక్కడే నాకు చెప్పింది. డ్రమ్ములో పురుగులున్నాయి అవ్వా అంటే, “అవి నీళ్ల పురుగులు మ్మే. నీళ్లు బాగుంటేనే ఉంటాయి” అందట. వారానికోసారి నీళ్లన్నీ పారబోసి కడగాలని చెబితే, “పారబోచ్చా సరే. మల్లా నువ్వు తెచ్చి పోచ్చావా?” అని అడిగిందట.

“ఇది స్లైడులో ఏది?” అన్నాను.

“అది మామూలు మాటే కదా మేడమ్, రిజల్టు కాదు.”

ఈ టీములో జబ్బు ఎక్కడుందో నాకు తెలిసింది ఈ జవాబుతోనే. నిజానికి ప్రాజెక్టంతటికీ కీలకం ఆ పెన్సిలు రాతే. ఈడిస్ ఈజిప్టి గుడ్లను నీళ్లలో వదలదు. నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు వాటిదాకా ఎక్కితే పొదుగుతాయి. మన ఎండలకు గుడ్డు నుంచి దోమ బయటికి రావడానికి ఏడు నుంచి పది రోజులు చాలు. శుక్రవారం డ్రైడే, నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టండి అని ప్రభుత్వం చెప్పడం వెనక లెక్క ఇదే, వారం లోపు ఖాళీ చేస్తే చక్రం తెగుతుంది. నీళ్లు పారబోయడంతో సరిపోదు, గోడను రుద్ది కడగాలి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఇంట్లో డ్రమ్ము సగానికి దిగుతుంది, మళ్లీ నిండుతుంది. గుడ్లు పొదగడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు మనం కావాలని చేసినా కుదరదు. అవ్వ మాట, దోమ జీవితచక్రం రెండూ ఒకే విషయం చెబుతున్నాయి. వీళ్లు రెండోదానికి ఆరు స్లైడ్లిచ్చి మొదటిదాన్ని రఫ్ బుక్కులో వదిలేశారు.

ఇది ఈ టీముకే ఉన్న అలవాటు అనుకోవద్దు. పక్క గదిలో వేపాకు రసంతో బాక్టీరియా పెరుగుదల ఆగుతుందా అని చేసిన టీము ఉంది. ఆకురసాన్ని ఇథనాల్‌తో తీశారు. ఉత్త ఇథనాల్ పోసిన గుంత ఏది అని వాళ్ల గైడ్ అడిగితే, పోశామని, అక్కడ కూడా జోన్ (బాక్టీరియా పెరగని వలయం) వచ్చిందని, ప్లేటు పాడైపోయిందనుకుని పడేశామని చెప్పారు. బాక్టీరియాను ఆపింది వేపాకో ఇథనాలో అడగాల్సింది ఆ ప్లేటునే. మొత్తం ప్రాజెక్టులో దాచిపెట్టుకోవలసిన ప్లేటు అదొక్కటే!

మళ్లీ కట్టడం

కొత్త స్లైడ్లు చేసే ముందు బోర్డు మీద లెక్కలు వేశాం. ఉదాహరణకు 100 ఇళ్లు చూశామనుకుందాం. వాటిలో నీళ్లున్న పాత్రలు 250. పన్నెండు ఇళ్లలో, మొత్తం 20 పాత్రల్లో లార్వాలు దొరికాయి. అప్పుడు హౌస్ ఇండెక్స్ (నూరిళ్లలో లార్వాలున్న ఇళ్లు) 12, కంటెయినర్ ఇండెక్స్ (నూరు పాత్రల్లో లార్వాలున్నవి) 8, బ్రెటో ఇండెక్స్ (నూరిళ్లకు లార్వాలున్న పాత్రలు) 20. మూడూ ఒకే సర్వేలోంచి వచ్చినవే. కింద పెట్టే సంఖ్య మారితే పైన చెప్పే కథ మారిపోతుంది. వీళ్ల పాత స్లైడులో కంటెయినర్ ఇండెక్స్ వేసి, దాని మీద ‘ఇళ్లలో ఇంత శాతం’ అని రాశారు.

కొత్త ప్రజెంటేషన్‌లో మూడో స్లైడే పట్టిక: వెళ్లిన ఇళ్లు ఎన్ని, తాళం ఎన్ని, రానివ్వనివి ఎన్ని, లోపలికి వెళ్లి చూసినవి ఎన్ని. పెట్టడానికి మొదట ఒప్పుకోలేదు. తాళాలు చూపిస్తే పని ఎగ్గొట్టామనుకుంటారని టీమ్ లీడరు భయం. తాళాల లెక్క చూపించనివాళ్లను చూస్తేనే నాకు అనుమానం వస్తుందని చెప్పాను. మధ్యాహ్నం పూట వెళ్లిన వీధిలో తాళాలు ఎక్కువ, ఆదివారం వెళ్లిన వీధిలో తక్కువ అని నోటుబుక్కు తిప్పుతూ వాళ్లే పట్టుకున్నారు.

కూలర్ల 100 శాతం తీసేశాం. పది కన్నా తక్కువ చూసిన పాత్రలకు శాతం రాయకూడదు, ‘2లో 2’ అని రాయాలి అని మాలో మేం ఒక నియమం పెట్టుకున్నాం. పది అన్నదానికి శాస్త్రం ఏమీ లేదు, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశాం. పై చార్టు పోయి మామూలు బార్ చార్టు వచ్చింది.

అసలు ప్రశ్నను ఒక్కటిగా కుదించాం. పోయిన వారంలో అడుగుదాకా ఖాళీ చేసి కడిగిన డ్రమ్ములు, కడగని డ్రమ్ములు. లార్వాలున్నవి, లేనివి. రెండు వరసలు, రెండు నిలువులు. నాలుగు గళ్లలో వాళ్ల మొత్తం ఎండ తిరుగుడు ఇమిడిపోయింది. కనిపించిన తేడా ఉత్త యాదృచ్ఛికమా కాదా అని చూసే కై-స్క్వేర్ పరీక్ష చేయమన్నాను. “అది బఠానీలకు కదా మేడమ్?” అన్నారు. మెండెల్ నిష్పత్తులకు తప్ప ఆ పరీక్ష ఇంకెక్కడా వాడొచ్చని మూడేళ్లలో వాళ్లకు తగల్లేదు. సిలబస్ అలా ఉంది, వాళ్లననేం లాభం? ఫ్రీడమ్ డిగ్రీ ఒకటి, 5 శాతం స్థాయిలో దాటాల్సిన విలువ 3.84. గళ్లలో ఉండాల్సిన సంఖ్య 5 కన్నా తగ్గితే ఈ పరీక్ష నమ్మరాదని కూడా చెప్పుకున్నాం. కాలిక్యులేటరుతోనే అయిపోయింది.

తీసేసినవి ఇంకా ఉన్నాయి. ఒక స్లైడులో నాచు పట్టిన తొట్టి, దాని పక్కన ఇంటావిడ మొహం, వెనక గోడ మీద డోర్ నంబరు స్పష్టంగా పడ్డాయి. నమ్మి లోపలికి రానిచ్చిన మనిషిని నలుగురిలో అలా చూపించడం సబబు కాదు. ఫొటోను తొట్టి అంచు వరకే కత్తిరించారు, గోడ మీద నీటి గీతలు అప్పుడే బాగా కనిపించాయి. ఇంకో స్లైడు ‘జ్వరం వచ్చిన ఇళ్లు, లార్వాలున్న ఇళ్లు’. ఈ ఏడాది మీ ఇంట్లో డెంగీ వచ్చిందా అని అడిగితే వచ్చిన జవాబులవి. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే చాలు డెంగీ అనుకునే రోజులివి. డెంగీని తేల్చే రక్తపరీక్ష, ఎన్ఎస్1 గానీ ఐజీఎమ్ ఎలైజా గానీ చేయించుకున్న కాగితం లేకుండా దాన్ని లెక్కలోకి తేలేం. పైగా ఆ మనిషిని కుట్టిన దోమ ఆ ఇంటిదేనని ఏముంది? ఈడిస్ పగలు కుడుతుంది. పగలు మనిషి బడిలోనో షాపులోనో ఉంటాడు. ఆ స్లైడు కోసం పిల్లలు బాగా బాధపడ్డారు, అదొక్కటే ‘పెద్ద విషయం’లా కనిపించింది వాళ్లకు.

రాస్‌ను కూడా సాగనంపాం. వినాయకుణ్ని ఉంచాం.

ఎవరు చేసిన పని వాళ్లే చెప్పాలని మాట్లాడే వంతులు మార్చాను. 2021-22 నుంచి డిగ్రీలో చేరినవాళ్లందరికీ ఇంగ్లీషు మీడియమే, కానీ ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లలు సగం మంది ఉంటారు. స్లైడ్లు ఇంగ్లీషులో ఉంటాయి, నోటితో చెప్పేటప్పుడు తెలుగు కలిపినా ఫర్వాలేదన్నాను. అబ్బాయి అప్పటిదాకా రాసుకున్న కాగితం చింపేసి, సీసా చేతిలో పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. టీమ్ లీడరుకు మాత్రం వంతు తగ్గినందుకు రెండు రోజులు కోపం.

వైవా

ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన ఇంకో జిల్లా నుంచి వచ్చిన సీనియర్. ఉదయం నుంచి వరసగా ప్రజెంటేషన్లు విని అలిసిపోయి ఉన్నారు. చాలా రిపోర్టులు జెరాక్స్ షాపులో రెడీమేడ్‌గా దొరికే సరుకని ఆయనకూ తెలుసు. కొన్నింట్లో లోపలి పేజీల్లో వేరే కాలేజీ పేరు మార్చడం కూడా మరిచిపోయి ఉంటారు.

మూడో స్లైడు దగ్గర ఆయన కళ్లద్దాలు సరిచేసుకున్నారు. ‘రానివ్వనివి అంటే?’ అని మధ్యలోనే ఆపారు. కుక్క ఉన్న ఇళ్లు, ఒక ఇంట్లో చంటిబిడ్డ పడుకుని ఉంది, ఒకాయన మున్సిపాలిటీ వాళ్లమనుకుని ఫైన్ వేస్తారని తలుపేశాడు అని అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అక్కడి నుంచి అది పరీక్షలా కాకుండా మాటల్లా సాగింది.

కై-స్క్వేర్ స్లైడు రాగానే ఆయన అడిగారు. “ఒకే ఇంట్లో మూడు డ్రమ్ములున్నాయి. మూడింటినీ మూడు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కేశారు. సరేనా?”

టీమ్ లీడరు నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఉరవకొండ అమ్మాయి అందుకుంది. “కరెక్టు కాదు సార్. మూడూ కడిగేది ఒక్క అవ్వే. ఒకటి కడగకపోతే మూడూ కడగదు.”

“మరి?”

“ఇంటికి ఒకటే లెక్కేయాలి సార్. ఏ ఒక్కదాంట్లో ఉన్నా ఉన్నట్టు.”

స్టాటిస్టిక్స్ పుస్తకం ఈ విషయం చెప్పడానికి ఒక అధ్యాయం తీసుకుంటుంది. తర్వాత రిపోర్టులో ఇంటి లెక్కన మళ్లీ చేసి జతచేశారు. తేడా కనిపించింది కానీ ముందంత గట్టిగా కాదు, దాన్ని అలాగే రాశారు.

రెండో గట్టి ప్రశ్న, బ్రెటో ఇండెక్స్ ఎంతుంటే ప్రమాదం? గైడ్‌బుక్కుల్లో 5 లోపు తక్కువ, 50 దాటితే ఎక్కువ అని ఉంటుంది, అదే చెప్పారు. అది ఏ జబ్బుకు పెట్టిన గీత అని ఆయన అడిగారు. ఇది రిహార్సల్లో మాట్లాడుకున్న సంగతే. హౌస్ ఇండెక్స్ 1923లో కానర్, మన్రో వాడింది, బ్రెటో ఇండెక్స్ 1954లో వచ్చింది, రెండూ పుట్టింది ఎల్లో ఫీవర్ కోసం. ఈ సూచీలు ఎక్కువున్నచోటల్లా డెంగీ కేసులు ఎక్కువ ఉండవని తర్వాత చాలా అధ్యయనాలు చూపాయి. లార్వాల్లో దోమ దాకా వచ్చేవి కొన్నే కాబట్టి ప్యూపాలను (లార్వాకు, దోమకు నడిమి దశ) లెక్కపెట్టడం మేలనేవాళ్లూ ఉన్నారు. “మరి మీరు ప్యూపాలు ఎందుకు లెక్కపెట్టలేదు?” అంటే, “మగ్గుకు దొరకవు సార్, లార్వాలకన్నా స్పీడు” అన్నాడు అబ్బాయి. ఆయన నవ్వారు గానీ, వల వాడొచ్చు కదా అని వదల్లేదు. దానికి జవాబు లేదు వీళ్ల దగ్గర.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతిది. సర్వే చేసింది వానలు లేని నెలల్లో. వానాకాలం సంగతేంటని అడిగారు. తెలియదు, మేం చూసింది ఎండు నెలలే అని టీమ్ లీడరు సూటిగా చెప్పింది. మొదటి రిహార్సల్లో అయితే ఇదే అమ్మాయి ‘వర్షాకాలంలో పెరుగుతాయి’ అని పుస్తకం నుంచి అప్పజెప్పి ఉండేది. తర్వాత తనే ఒక మాట కలిపింది. మిక్సీలొచ్చాక చాలా ఇళ్లలో రుబ్బురోలు పెరట్లోకి వెళ్లిపోయింది. వాళ్లు చూసినప్పుడు రోళ్లన్నీ ఎండిపోయి ఉన్నాయి, అందుకని ‘నీళ్లు లేవు’ అని రాసి పక్కన పెట్టారు.

“ఎండిన రోలులో ఏమీ లేనట్టేనా?”

“గుడ్లు ఉండొచ్చు సార్. మేం చూడలేదు.”

“చూడాలంటే ఎలా?”

కాసేపు నలుగురూ గుసగుసలాడుకున్నారు. ఉరవకొండ అమ్మాయే చెప్పింది. ఎండిన రోలులో నీళ్లు పోసి, పైన దోమతెర గుడ్డ గట్టిగా కట్టేస్తే కొత్త దోమ వచ్చి గుడ్డు పెట్టలేదు. రెండు మూడు రోజుల్లో లార్వా కనిపిస్తే అది పాత గుడ్డులోంచి వచ్చిందే. పక్కనే బాగా రుద్ది కడిగిన ఇంకో రోలులో కూడా నీళ్లు పోసి, దానికీ గుడ్డ కట్టి చూడాలి.

పోల్చి చూడ్డానికి పెట్టే ఆ రెండో రోలు, అంటే కంట్రోల్ గురించి ఆమెను ఎవరూ అడగలేదు.

తర్వాత

మార్కులు బాగానే వచ్చాయి, క్లాసులో అందరికన్నా ఎక్కువేమీ కాదు. రిపోర్టు ఫార్మాటుకు వేరే మార్కులుంటాయి, అక్కడ స్పైరల్ బైండింగ్ అందంగా ఉన్న టీములు ముందున్నాయి. ఆకులు ఎండబెట్టి అతికించి రంగు పేజీలతో తెచ్చిన టీముకు హాల్లో చప్పట్లు ఎక్కువ పడ్డాయి. దానికి నాకేం అభ్యంతరం లేదు, వాళ్లూ కష్టపడ్డారు.

మా డిపార్ట్‌మెంటులో రెండు పద్ధతులు మారాయి. రిహార్సల్‌కు ముందు పీపీటీ చూడం, నోటుబుక్కు చూస్తాం. నోటుబుక్కు లేదంటే రిహార్సల్ లేదు. ఒరిజినల్ తెమ్మంటే ఫెయిర్ చేసి తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు, నీట్‌గా ఒకే పెన్నుతో, ఒకే రోజు రాసింది. వెనక్కి పంపి చిత్తుదే తెమ్మన్నాం. రెండోది, రానివాటికి, కుదరనివాటికి, పాడైనవాటికి ఒక స్లైడు తప్పనిసరి. బోటనీవాళ్లు కూడా దీన్ని తీసుకున్నారు, మొలకెత్తని గింజల లెక్క ఇప్పుడు వాళ్ల స్లైడ్లలో కనిపిస్తోంది. టైము చాలదని కొందరు గైడ్లు అంటున్నారు. వర్గీకరణ, జీవితచక్రం స్లైడ్లు తీసేస్తే టైము ఉంటుంది. ఆ రెండూ అడిగే ఎక్స్‌టర్నల్స్ వస్తే ఏం చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి వాటిని చివర్లో, థాంక్యూ స్లైడు తర్వాత దాచి పెడుతున్నాం. అడిగితే చూపిస్తారు.

అవ్వ ప్రశ్నకు కూడా ప్రాజెక్టులో పూర్తి జవాబు రాలేదు. పారబోయొద్దు, డ్రమ్ము బాగా దిగిన రోజున, నీళ్లొచ్చే ముందు, మిగిలిన నీళ్లు బిందెలోకి గుడ్డతో వడకట్టుకుని గోడను పీచుతో రుద్దమని పిల్లలు వీధిలో చెప్పి వచ్చారు. ఎందరు చేస్తున్నారో చూడ్డానికి మళ్లీ వెళ్లాలి.

రోళ్ల పని ఈ ఏడాది ఫైనలియర్ పిల్లలు తీసుకున్నారు. ఎండిన రోళ్లున్న ఇళ్ల జాబితా పాత నోటుబుక్కులోనే ఉంది, ‘నీళ్లు లేవు’ అని రాసిన గీతలన్నీ. నేను పెట్టిన షరతు ఒక్కటే. లార్వాలు కనిపించాక లెక్క రాసుకుని, అదే రోజు ఆ నీళ్లు ఎండు నేల మీద పారబోసి, రోలు రుద్ది, బోర్లించడానికి కుదిరితే బోర్లించి రావాలి. గుడ్డ చిరిగిందా లేదా అన్నది కూడా నోటుబుక్కులో రాయాలి.